సిగరెట్ మానేశాక నొప్పి ఎక్కువైంది, ఇదేం న్యాయం డాక్టరు గారూ?

(మూత్రకోశ సమస్యలపై పాఠకుల ఉత్తరాలకు ఒంగోలు యూరాలజిస్టు జవాబులు)

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది కొండపి పక్కన పల్లె. వయసు 46. ఆకు కాల్చే బ్యారన్ ఒకటి సొంతం, ఇంకొకటి కౌలుకి తీసుకుని పొగాకు వేస్తుండా. సంక్రాంతి దాటి ఆకు రెలుపులు (కోతలు) మొదలైనప్పట్నుంచీ కింద, సరిగ్గా కూర్చునే చోట, ఒకటే సలుపు. మూత్రం పోసేటప్పుడు మంట. పోసినా ఇంకా ఉన్నట్టే ఉంటది. రాత్రికి నాలుగైదు సార్లు లేస్తుండా. బండి మీద ఒంగోలు పోయొస్తే ఆ రోజిక కూర్చోలేను. మా ఊళ్లో ఆర్‌ఎంపీ మూడు సూదులేశాడు. తర్వాత పట్నంలో స్కాన్ తీయించారు. ప్రోస్టేట్ గ్రంథి 24 గ్రాములు, వాపు ఉందన్నారు. కల్చర్ పరీక్షలో క్రిములేమీ పెరగలేదంట, అయినా సిప్రో అనే యాంటీబయాటిక్ రెండు కోర్సులు వాడించారు. మూత్రం సాఫీగా రావడానికి రాత్రి పూట టామ్సులోసిన్ ఒకటి. పీఎస్‌ఏ అని ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్షలో 5.1 వచ్చింది. సిగరెట్ మానేయమన్నారు. రోజుకి పదిహేను తాగేవాణ్ణి, పక్క మీద నుంచి లేవకముందే ఒకటి ముట్టించాల. డాక్టరు చెప్పాడు గదా అని సిప్రో రెండో కోర్సు మొదలెట్టిన రోజే మానేశా. పదకొండు రోజులు ముట్టుకోలేదు. నొప్పి తగ్గేది పోయి రెట్టింపయింది. మోషన్ బిగిసిపోయింది, నిద్ర లేదు, చేతులు వణుకు, అరగంటకోసారి మూత్రం. టీలు తాగి ప్రాణం నిలబెట్టుకున్నా. పన్నెండో రోజు వేలం కేంద్రంలో నా బేళ్లు నోబిడ్ అయినాయి, ఒక్కడూ పాట పాడలేదు. ఇక ఉండలేక ఒకటి ముట్టించా. గంట తిరక్కుండా కడుపు కదిలింది, ప్రాణం తేటపడింది, నొప్పి సగానికి సగం దిగింది. సిగరెట్ వల్ల ప్రోస్టేట్ చెడిపోతదంటారు, మరి నాకు తాగితేనే బాగుందే? పచ్చాకులో పనిచేసినందుకు వచ్చిందా? మా ఇంటామెకి అంటుతుందా? క్యాన్సరా? పేరు వేయవద్దు.

జవాబు: ముందు చివరి రెండు ప్రశ్నలు తేల్చేద్దాం, లేకపోతే మిగతాది మీకు తలకెక్కదు. కల్చర్‌లో క్రిములు పెరగలేదు కాబట్టి మీ ఇంటామెకు అంటేదేమీ లేదు. దూరంగా పడుకోవాల్సిన పని లేదు. ఇక పీఎస్‌ఏ. ప్రోస్టేట్‌లో వాపు ఉన్నప్పుడు ఆ అంకె పెరుగుతుంది, ఆ సమయంలో చూసిన 5.1ని పట్టుకుని క్యాన్సర్ అనలేం. వాపు సద్దుమణిగి ఆరు నుంచి ఎనిమిది వారాలు గడిచాక మళ్లీ చేయించండి. రక్తం ఇవ్వడానికి రెండు రోజుల ముందు నుంచి భార్యాభర్తల కలయిక, దూరం బండి ప్రయాణం వద్దు. అప్పటికీ దిగకపోతే వేలితో పరీక్ష, అవసరమైతే ఎంఆర్ఐ. 24 గ్రాములంటే మీ వయసుకి దాదాపు మామూలు సైజే.

ఇప్పుడు మీ పదకొండు రోజుల సంగతి. ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అబద్ధం రాయలేదు, మీ ఒళ్లూ అబద్ధం చెప్పలేదు. మానినప్పుడు నొప్పి నిజంగానే పెరిగింది. ముట్టించాక నిజంగానే తగ్గింది. కారణం మాత్రం మీరనుకున్నది కాదు.

మా నాన్న కందుకూరు దగ్గర పొగాకు రైతు. నేను మొదటి సిగరెట్ తాగింది మా బ్యారన్ పొయ్యి ముందే, ఇంటర్ చదివే రోజుల్లో. మంట చూసుకుంటూ రాత్రంతా మేలుకోవాలి. ఆకు పసుపు తిరిగే దశలో వేడి కాస్త ఎక్కువైనా పంటంతా నల్లబడిపోతుంది. నాన్న నిద్రపోతే నేను, నేను నిద్రపోతే నాన్న. ఆ మేలుకోవడం కోసం మొదలైంది గుంటూరు మెడికల్ కాలేజీ దాకా వచ్చింది, ఒంగోల్లో ప్రాక్టీసు పెట్టాక కూడా పోలేదు. మొదటిసారి మానినప్పుడు తొమ్మిది రోజులు ఉండగలిగాను. ఆ తొమ్మిది రోజుల్లో నాకు మొలలు లేచాయి. కూర్చుని రోగుల్ని చూడలేక నిలబడే మందులు రాసిచ్చాను. డాక్టర్నే అయినా, సిగరెట్ మానితే మలబద్ధకం వస్తుందని నాకెవరూ చెప్పలేదు.

పొగాకులోని నికోటిన్ పెద్దపేగును కదిలిస్తుంది. పొద్దున లేవగానే సిగరెట్ ముట్టిస్తే తప్ప కడుపు కదలదని మన జిల్లాల్లో ఎంతమంది మగవాళ్లు అంటారో లెక్కలేదు. ఏళ్ల తరబడి ఆ దెబ్బకు అలవాటుపడిన పేగు, అది అందని రోజు మొరాయిస్తుంది. ప్రోస్టేట్ ఎక్కడుందో గుర్తు తెచ్చుకోండి. మూత్రాశయం కింద, మలాశయానికి సరిగ్గా ముందు. మేం వేలితో దాన్ని తడిమి చూసేది కూడా మలద్వారం గుండానే. గట్టిపడిన మలం వెనక నుంచి దాన్ని నొక్కుతుంది. పైగా ముక్కుతున్న కొద్దీ ఆ అడుగు భాగంలోని కండరాలన్నీ బిగుసుకుంటాయి. అసలు మీ జబ్బులో సగం నొప్పి ఆ కండరాలదే. పన్నెండో రోజు కడుపు కదిలిందని మీరే రాశారు. మీకు సుఖమిచ్చింది అదీ, నికోటిన్ మళ్లీ అందడంతో తగ్గిన అల్లాడటమూ. ఆ సిగరెట్ మీ ప్రోస్టేట్‌కు చేసిన మేలేమీ లేదు.

రెండోది టీ. దీన్ని మా డాక్టర్లు కూడా మర్చిపోతుంటారు. పొగలోని మసిలాంటి పదార్థాలు లివర్‌ని ఎగదోసి కెఫీన్‌ను మామూలుకంటే వేగంగా కరిగించేస్తాయి. అందుకే పొగ తాగేవాళ్లు ఎన్ని టీలైనా తట్టుకుంటారు. మానిన కొద్ది రోజులకే ఆ వేగం పడిపోతుంది. అదే టీ, అదే గ్లాసు, ఒంట్లో మాత్రం కెఫీన్ దాదాపు రెట్టింపు సేపు నిలుస్తుంది. మీరేమో టీలు పెంచారు కూడా. చాలదన్నట్టు అదే వారంలో సిప్రో మొదలైంది. సిప్రో కూడా కెఫీన్ కరగకుండా అడ్డుపడుతుంది. ఒకే వారంలో మూడూ కలిసి మీద పడ్డాయి. చేతుల వణుకు, నిద్ర రాకపోవడం, అరగంటకోసారి మూత్రం అన్నీ ఆ ఖాతాలోవే. మూత్రాశయం కెఫీన్‌కి చిరాకు పడుతుంది, వాపుతో ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ.

సరే, ప్రోస్టేట్ వాపు సిగరెట్ వల్లే వస్తుందని రుజువైందా? కాలేదు. అలా చెప్పి మిమ్మల్ని భయపెట్టను. ఈ వాపును, అంటే ప్రోస్టేటైటిస్‌ని, మేం నాలుగు రకాలుగా చూస్తాం. చలిజ్వరంతో ఒక్కసారిగా వచ్చేది ఒకటి, క్రిములు పదే పదే తిరగబెట్టేది రెండోది, క్రిములు దొరక్కుండా నొప్పి మాత్రం మూడు నెలలకు పైగా వేధించేది మూడోది, బాధేమీ లేకుండా పరీక్షల్లో బయటపడేది నాలుగోది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో అత్యధికులది మూడో రకం. మీదీ అదేలా ఉంది. దీనికి యాంటీబయాటిక్ ఒక విడత వాడి చూడటం తప్పు కాదు. కల్చర్‌లో ఏమీ లేనప్పుడు, మొదటి విడతకు గుణం కనపడనప్పుడు రెండోది, మూడోది రాసుకుంటూ పోవడాన్ని నేను ఒప్పుకోను. సిప్రో రకం మందులు కాలి మడమ దగ్గరి నరంలాంటి స్నాయువుల్ని కూడా బలహీనపరుస్తాయి. బేళ్లు మోసే మనిషికి అది చిన్న విషయం కాదు.

మరి పొగ ఎందుకు మానమన్నట్టు? వాపు ఏ చోట ఉన్నా అది మానాలంటే అక్కడికి రక్తం బాగా పారాలి, ఆ రక్తంలో ప్రాణవాయువు ఉండాలి. నికోటిన్ సన్న రక్తనాళాల్ని బిగిస్తుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది. బ్యారన్‌లో గాలి ఆడకపోతే ఆకు ఎలా కుళ్లుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పొగ తాగేవాళ్ల ఆపరేషన్ గాయాలు ఆలస్యంగా మానడం ఏ సర్జన్‌నడిగినా చెబుతాడు. ఆపైన పొద్దుటి దగ్గు ఒకటి. దగ్గిన ప్రతిసారీ ఆ బిగిసిన కండరాల మీద ఒక కుదుపు. ఇంకో మాట, అర్జంటుగా మూత్రం రావడం, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం పొగ తాగేవాళ్లలో ఎక్కువ. మానిన మర్నాడే నొప్పి మాయమవుతుందని నేననను. వారాలు పడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ మాత్రం ఒక్క రోజులోనే దిగిపోతుంది.

ఈసారి ఇలా మానండి. ఇవాళే పారేయమని నేను చెప్పను, రెండు వారాల తర్వాత తేదీ ఒకటి పెట్టుకోండి. వేలాలు అయిపోయాక అనుకుంటే ఒక్కోసారి జూలై కూడా దాటుతుంది, అంతదాకా సాగదీయొద్దు. ఆ తేదీకి వారం ముందు నుంచే కడుపు సంగతి చూసుకోండి. రాత్రి పడుకునే ముందు ఇసబ్‌గోల్ రెండు చెంచాలు పెద్ద గ్లాసుడు నీళ్లలో కలుపుకుని వెంటనే తాగాలి. నీళ్లు తక్కువైతే అదే బిగుసుకుంటుంది. జామకాయ, తోటకూర, సజ్జరొట్టె మీ దగ్గర కరువు లేదు. పొద్దున టిఫిను తిన్న పావుగంటకు, వచ్చినా రాకపోయినా వెళ్లి కూర్చోండి. కడుపులో తిండి పడగానే పేగు తనంతట తాను కదిలే సమయం అదే. సిగరెట్ చేసే పనిని ఇడ్లీకి అప్పజెప్పడం అన్నమాట. ముక్కొద్దు. మానిన రోజు నుంచి టీలు సగం చేయండి, సాయంత్రం ఆరు తర్వాత అసలొద్దు.

లేవకముందే ముట్టించాలన్నారు కాబట్టి మీ అలవాటు గట్టిది. ఉత్త పట్టుదలతో రెండోసారి కూడా ఓడిపోతారేమోనని నా భయం. నికోటిన్ గమ్ ఉంది. లేచిన అరగంటలోపు మొదటి సిగరెట్ తాగేవాళ్లకు 4 మిల్లీగ్రాములది సరిపోతుంది, డాక్టరు చీటీతో తెచ్చుకోండి. బబుల్‌గమ్‌లా నమిలి మింగితే వెక్కిళ్లు, కడుపు మంట వస్తాయి. నాలుగైదుసార్లు నమిలి, నోరు చిమచిమలాడగానే బుగ్గన పెట్టుకుని ఊరుకోవాలి, తగ్గాక మళ్లీ నమలాలి. గమ్ వేసుకునే పావుగంట ముందు నుంచీ టీ తాగకూడదు, మందు ఒంటికి పట్టదు. గమ్‌లోనూ నికోటిన్ ఉంది కదా అంటారేమో. ఉంది, కానీ మెల్లగా ఎక్కుతుంది, మసీ కార్బన్ మోనాక్సైడూ ఉండవు. రెండు మూడు నెలల్లో దాన్నీ తగ్గించి ఆపేస్తాం. గమ్ చాలకపోతే మాత్రలూ ఉన్నాయి. సిగరెట్ పెట్టె మీదే 1800-11-2356 అని అచ్చేసి ఉంటుంది చూడండి. డబ్బులు పడని నంబరు, తెలుగులోనూ మాట్లాడతారు.

అల్లాడటం మొదటి మూడు రోజులు బాగా ఎక్కువ, మూడు నాలుగు వారాలకు మెత్తబడుతుంది. ఒక్కో కోరిక ఐదారు నిమిషాలే. నాకు రెండోసారి పనికొచ్చింది ఒంగోలు బస్టాండు ముందు కొనుక్కున్న పావు కిలో వేయించిన శనగలు. మీకేం పనికొస్తుందో మీరే చూసుకోండి. బేళ్లు నోబిడ్ అయిన రోజు జేబులో ఏమీ లేకుండా ఇంటికి వెళ్లొద్దు.

నొప్పికి ఇంకో రెండు సంగతులు. గోరువెచ్చని నీళ్ల టబ్బులో రోజుకు రెండుసార్లు, పది పదిహేను నిమిషాలు కూర్చోండి. బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ టబ్బు చాలు. సెల్‌ఫోన్ వీడియోలు చూసి కింది కండరాల్ని బిగించే వ్యాయామం చేస్తున్నారేమో, ఆపేయండి. మీవి ఇప్పటికే బిగిసి ఉన్నాయి, వాటిని వదులు చేయడం నేర్చుకోవాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పొట్ట పొంగేలా ఊపిరి పీల్చి, మూత్రం వదిలేటప్పటిలా కిందంతా వదులు చేయండి. టామ్సులోసిన్ వాడే వాళ్లకు లేవగానే కళ్లు తిరగొచ్చు. ఆ మందు వాడినంతకాలం బ్యారన్ లోపల పై వాసాలెక్కి ఆకు కర్రలు అందుకునే పని మీ తమ్ముడికో కూలీకో ఇవ్వండి. వీర్యం తక్కువగా రావడమో, రాకపోవడమో కూడా ఆ మందు వల్లే. ఆపితే సర్దుకుంటుంది.

పచ్చాకు గురించి అడిగారు. మంచులో తడిసిన ఆకు రెలిచేటప్పుడు నికోటిన్ చర్మం గుండా ఎక్కి వాంతులు, తల తిరుగుడు వస్తాయి. అది వేరే జబ్బు, దానికి పొడుగు చేతుల చొక్కా, గ్లోవ్స్, తడిసిన బట్టలు వెంటనే మార్చడం మందు. ప్రోస్టేట్ వాపుకు పచ్చాకు కారణమని చెప్పడానికి ఆధారం లేదు. బ్యారన్ నింపే రోజు పని ఆగుతుందని మూత్రం బిగబట్టుకుంటారు చూడండి, నేను పట్టించుకునేది దాన్ని. చలితో జ్వరం వచ్చినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే పెద్దాసుపత్రికి.

ప్రశ్న: మా నాన్నకు 67. కావలిలో ఉంటాం. మార్చిలో ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది, రేడియేషన్ ఇస్తామన్నారు. రోజుకు కట్టన్నర బీడీలు తాగుతాడు. కట్ట దాచిపెడితే అమ్మ మీద అరుస్తాడు. 'వచ్చేది వచ్చింది, ఇప్పుడు మాని ఏం లాభం? మా నాయన ఎనభై ఏళ్లు చుట్ట తాగి బతికాడు' అంటాడు. ఏం చెప్పమంటారు?

జవాబు: తాతగారి చుట్ట గురించి వాదించకండి, ఆ వాదనలో మీరు నెగ్గరు. పొగ తాగడం వల్లే ప్రోస్టేట్ క్యాన్సర్ వస్తుందని గట్టిగా చెప్పడానికి ఆధారాలు చాలవు, ఆ మాట నాన్నగారికి ఒప్పేసుకోండి. వచ్చాక ఏమవుతుందన్న దానికి మాత్రం ఆధారాలున్నాయి. అమెరికాలో ఈ క్యాన్సర్ వచ్చిన 5,366 మంది మగవాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2011లో ఫలితాలు ప్రకటించారు. క్యాన్సర్ బయటపడే నాటికి పొగ తాగుతున్నవాళ్లలో, ఎన్నడూ తాగనివాళ్లతో పోలిస్తే, ఆ క్యాన్సర్‌తోనే పోయే ముప్పు 61 శాతం ఎక్కువ. తిరగబెట్టే ముప్పూ అంతే. అంతకు పదేళ్లు, ఆపైన ముందే మానినవాళ్లకు ముప్పు తాగనివాళ్లంత తక్కువే. నాన్నగారికి ఆ పదేళ్లు వెనక్కి రావు, నిజమే. కానీ రేడియేషన్ సమయంలో మూత్రంలో మంట, పేగుల ఇబ్బంది పొగ తాగేవాళ్లలో ఎక్కువగా కనిపిస్తాయి. ఈ వయసులో ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చినవాళ్లలో చాలామంది చివరికి పోయేది గుండెజబ్బుతో. గుండెకు బీడీ మానిన ఫలితం ఏడాది తిరిగేసరికే కనిపిస్తుంది.

బీడీలో పొగాకు తక్కువ కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఆరిపోకుండా గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి కాబట్టి తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్ కంటే ఎక్కువే లోపలికి పోతాయి. కట్ట దాచకండి. దాస్తే ఆయన బజారుకెళ్లి రెండు కట్టలు తెచ్చుకుంటాడు, మీ అమ్మగారికి తిట్లు మిగులుతాయి. రేడియేషన్ ఇచ్చే డాక్టరు చేత, మీరెవరూ లేకుండా ఒక్కసారి ఆయనతో మాట్లాడించండి. కొడుకు చెబితే వినని మాట బయటివాడు చెబితే వినడం మన ఇళ్లల్లో కొత్త కాదుగా.

ప్రశ్న: పొదలకూరు నుంచి రాస్తున్నాను. మా ఆయనకు 52, నిమ్మకాయల వ్యాపారం. ఇరవై ఐదేళ్లుగా సిగరెట్. పోయిన నెల ఒకరోజు మూత్రం ఎర్రగా వచ్చింది, నొప్పీ మంటా ఏమీ లేవు. వేడి చేసిందని నిమ్మరసం, బార్లీ నీళ్లు ఇచ్చాను. రెండు రోజుల్లో తగ్గిపోయింది. ప్రోస్టేట్ ఏమైనా ఉందేమో చూపించుకోమంటే తగ్గిందిగా అంటున్నారు. చూపించాలా?

జవాబు: అమ్మా, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నన్ను అన్నిటికంటే కంగారు పెట్టింది మీది. పత్రిక అచ్చయ్యేదాకా ఆగకుండా విడిగా కూడా మీకు రాశాను.

నొప్పి ఉంటే నేనింత కంగారు పడను. నొప్పి లేకుండా ఎర్రగా వచ్చి, దానంతటదే ఆగిపోవడమే అనుమానించాల్సింది. పొగలోంచి రక్తంలో కలిసిన విషాల్ని కిడ్నీలు వడకట్టి మూత్రంలోకి తోస్తాయి. ఆ మూత్రం మూత్రాశయంలో గంటల తరబడి నిలుస్తుంది, లోపలి పొర అందులో నానుతూ ఉంటుంది. మూత్రాశయ క్యాన్సర్లలో దాదాపు సగం పొగ వల్లే. ప్రోస్టేట్ గురించి అందరూ అడుగుతారు, దాని పైనే ఉన్న ఈ సంచి సంగతి ఎవరూ అడగరు. అక్కడ పుట్టిన కాయ ఒకసారి రక్తం కార్చి నెలల తరబడి ఊరుకోగలదు. వేడి చేస్తే మూత్రం ముదురు పసుపవుతుంది, ఎర్రబడదు. తగ్గింది మీ బార్లీ నీళ్లకు కాదు.

వేరే కారణమూ కావచ్చు. ప్రోస్టేట్ పెరిగినా, రాయి ఉన్నా రక్తం రావచ్చు. క్యాన్సరే అయినా తొలి దశలో మూత్రనాళం గుండానే, కోత లేకుండా గీరి తీసేయగలం. ఈ వారమే నెల్లూరులో యూరాలజిస్టుకి చూపించండి. మూత్ర పరీక్ష, అల్ట్రాసౌండ్, సిస్టోస్కోపీ అడగండి. చివరిది సన్నని గొట్టంతో లోపలికి చూసే పరీక్ష, మత్తు జెల్ పెట్టి చేస్తారు, చూసేది కొద్ది నిమిషాలే. అల్ట్రాసౌండ్‌లో ఏమీ లేదని చెప్పినా, సిస్టోస్కోపీ చేయించకుండా ఆయన్ని ఇంటికి తీసుకురావద్దు.